తెల్లబిళ్ళ, ఎర్రబిళ్ళ

అత్తయ్య మూత్రం ఎవరు కొలవాలన్న దాని మీద కూడా నేనూ మా తోడికోడలు చిన్నదీ పోట్లాడుకున్నాం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ అక్కడ మొదలుపెట్టకపోతే మిగతాది అర్థం కాదు.

గుండె ఆపరేషన్ అయ్యాక అత్తయ్య రెండు రోజులు ఐసీయూలో ఉంది. మూడో రోజు ఉదయం వార్డుకు మార్చారు. మంచం పట్టీకి మూత్రం సంచి వేలాడదీశారు. రెండు గంటలకొకసారి ఆ సంచి అడుగున ఉన్న బిరడా తిప్పి, గీతలున్న ప్లాస్టిక్ జగ్గులోకి వంచి, ఎంతుందో చూసి, మంచం చివర తగిలించిన కాగితంలో టైముతో సహా రాయాలి. వార్డులో నర్సులు తక్కువ, మంచాలు ఎక్కువ. అందుకని పెద్ద నర్సమ్మ ఆ పని రోగి వెంట ఉన్నవాళ్ళకే నేర్పేది.

"మీ ఇద్దరిలో ఎవరు చేస్తారమ్మా?" అని అడిగింది.

"నేను" అన్నాను.

"నేను" అంది చిన్నది, నా మాట పూర్తి కాకముందే.

పెద్ద నర్సమ్మ కళ్ళద్దాల పైనుంచి మమ్మల్ని చూసింది. "ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఈ జగ్గు కోసం ఎగబడ్డవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా. సరే, రాయడం ఎవరికొచ్చు?"

నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. జగ్గు చిన్నదాని చేతికి వెళ్ళింది. నాకు చేతితొడుగుల పెట్టె మిగిలింది.

మాది కుట్టుపని చేసుకునే ఇల్లు. వీధివైపు గదిలో రెండు మిషన్లు, నడుమ ఒక పెద్ద బల్ల. బడిపిల్లల యూనిఫారాలు, దిండు గలీబులు, కర్టెన్లు, ఏది వస్తే అది కుడతాం. మామయ్య పోయాక అత్తయ్య ఆ మిషను తొక్కి ఇద్దరు కొడుకుల్ని పెంచింది. నలభై ఏళ్ళు తొక్కింది. మోకాళ్ళు రెండూ అక్కడే అరిగిపోయాయి. ఆవిడ పెద్దకొడుకుకు నన్ను చేసుకున్నారు. పెళ్ళయిన ఏడో ఏట ఆయన పోయారు. మాకు పిల్లల్లేరు. ఇక నేను మా పుట్టింటికి వెళ్ళిపోతానని అందరూ అనుకున్నారు. అత్తయ్య మాత్రం, "ఇది ఎక్కడికీ పోదు. నా పక్కన కూర్చుని కుడుతుంది" అంది. ఆ ఒక్క మాట మీద నేను ఆ ఇంట్లో ఉన్నాను. ఆ మాటన్న మనిషి ముఖం తిప్పుకుంటే నా కాళ్ళ కింద నేల ఉండదని నాకు బాగా తెలుసు.

తర్వాత మరిదికి పెళ్ళయింది. చిన్నది వచ్చింది. వచ్చిన నెలకే అత్తయ్య తల దువ్వే పని తీసుకుంది. ఆరు నెలలకు బట్ట కత్తిరించే పని తీసుకుంది. రెండేళ్ళు తిరిగేసరికి కొలతలు రాసుకునే పుస్తకం దాని చేతిలో ఉంది. లాక్కుంటే పోట్లాడేదాన్ని. లాక్కోలేదు. "నువ్వు కాసేపు నడుం వాల్చు అక్కా" అని నవ్వుతూ తీసుకునేది. ఆ నవ్వు చూస్తే నాకు కళ్ళలో నిప్పులు పోసినట్టుండేది. నాకంటూ మిగిలింది ఒక్కటే. ఆ సంగతి చిన్నదానికి తెలియదనే ధైర్యంతో బతికాను. అదే తెల్లబిళ్ళ.

ఆపరేషన్‌కు ఆరు నెలల ముందు గుండె డాక్టరు, మోకాళ్ళ నొప్పికి వాడే బిళ్ళలు పూర్తిగా మానెయ్యమన్నాడు. గుండెకూ మంచిది కాదు, కిడ్నీలకూ మంచిది కాదన్నాడు. అత్తయ్య బుద్ధిగా తలూపింది. వారం తిరక్కుండానే నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"ఏమే పెద్దదానా, ఒక్క బిళ్ళ తెచ్చిపెట్టవే. కాళ్ళు రంపంతో కోస్తున్నట్టున్నాయి."

"డాక్టరు వద్దన్నాడుగా అత్తయ్యా?"

"ఆయనకేం, ఆయన మోకాళ్ళు గుర్రం కాళ్ళలా ఉన్నాయి. నా బాధ తెలిసినదానివి ఈ ఇంట్లో నువ్వొక్కదానివే. చిన్నదానికి మాత్రం చెప్పకు. అది వెళ్ళి వాడి చెవిలో ఊదుతుంది."

నువ్వొక్కదానివే అన్న ఆ మాట కోసం నేను బిళ్ళేమిటి, ఆ మందుల షాపునే మోసుకొచ్చేదాన్ని. మా వీధి మలుపులో ఉన్న షాపులో మోకాళ్ళ నొప్పికని చెప్పి అడిగితే తెల్లటి పొడుగు బిళ్ళలు ఇచ్చాడు. ఉదయం పాలతో ఒకటి, సాయంత్రం నీళ్ళతో ఒకటి. చిన్నది పెరట్లో ఉండగానో, స్నానానికి వెళ్ళినప్పుడో అత్తయ్య నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేసేది. ఆ ఎగరేసిన కనుబొమ్మతో నా రోజంతా గడిచిపోయేది.

ఆపరేషన్‌కు ముందు రోజు డాక్టరు అడిగాడు, నొప్పి బిళ్ళల్లాంటివి ఏమైనా వాడుతున్నారా అని. అత్తయ్య లేదంది. నేను లేదన్నాను. చిన్నదీ లేదంది. ముగ్గురం ఒక్కసారే తలలు అడ్డంగా ఊపేసరికి ఆయన నవ్వాడు కూడా. "ఒక్క మాట మీదున్నారే!" అన్నాడు.

ఐసీయూలో ఉన్న రెండు రోజులూ మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. వార్డుకు వచ్చిన సాయంత్రమే అత్తయ్య నీరసంగా కనుబొమ్మ ఎగరేసింది. నా చేతిసంచిలో బిళ్ళలున్నాయి. ఇచ్చాను.

వార్డుకు వచ్చిన మూడో రోజు కిడ్నీ డాక్టరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, నడక మాత్రం పరుగులా ఉంటుంది. మమ్మల్నిద్దర్నీ వరండాలోకి పిలిచింది. ఆ ఉదయం మరిది కూడా డ్యూటీకి వెళ్ళిపోయాడు, మేమిద్దరమే ఉన్నాం. వెనకాలే పెద్ద నర్సమ్మ ఫైలు పట్టుకుని నిలబడింది.

"ఈవిడకి మూత్రం ఎలా వస్తోంది?" అని అడిగింది డాక్టరమ్మ.

చిన్నది కాగితం చూడకుండానే మూడు రోజుల అంకెలన్నీ గడగడా అప్పజెప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బాగానే వస్తోంది. రక్తపరీక్ష కూడా బాగానే ఉంది. అయినా నాకు భయంగానే ఉంది" అంది డాక్టరమ్మ. "మీరేం పని చేస్తారమ్మా?"

"బట్టలు కుడతామండీ."

"మిషను పాడయ్యే ముందు మీకు తెలుస్తుందా?"

"తెలుస్తుందండీ" అన్నాను, చిన్నది నోరు తెరవకముందే. "చప్పుడు మారుతుంది. కుట్టు అప్పటికింకా బాగానే పడుతుంటుంది, దారమూ తెగదు. కానీ చప్పుడు మారుతుంది."

"ఇదీ అంతే. రక్తపరీక్ష దారం తెగాక చెబుతుంది. నేను చేయించింది మూత్రంలో ఒక కొత్త పరీక్ష. అది చప్పుడు మారగానే చెబుతుంది. కిడ్నీలకి దెబ్బ తగులుతున్నప్పుడు వాటిలోంచి ఒక రకం ప్రోటీను మూత్రంలోకి దిగుతుంది. కొన్ని గంటల్లోనే కనబడుతుంది. రక్తంలో తేడా తెలియాలంటే ఒకటి రెండు రోజులు పడుతుంది. అప్పటికి జరగాల్సింది జరిగిపోతుంది. మీరూ నేనూ డయాలసిస్ గురించి మాట్లాడుకుంటూ ఉంటాం."

పెద్ద నర్సమ్మ రోజూ పొద్దున్నే సంచిలో నిలవున్నది కాకుండా, గొట్టంలో అప్పుడే దిగిన మూత్రాన్ని సూదితో లాగి చిన్న సీసాలో పట్టుకెళ్ళడం నేను చూశాను. ఎందుకో అప్పుడు అర్థమైంది.

డాక్టరమ్మ చేతిలోని కాగితం మా ముందు పెట్టింది. "ఆపరేషనైన రోజు అంకె ఎక్కువే ఉంది. అలాంటి ఆపరేషన్లో అది మామూలే. జాగ్రత్తలు తీసుకున్నాం. ఐసీయూ నుంచి పంపే రోజుకి బాగా తగ్గింది. ఇవాళ చూస్తే దానికి మూడింతలుంది." మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఐసీయూలో తగ్గింది. వార్డుకొచ్చాక పెరిగింది. అక్కడ లేనిది, ఇక్కడ ఉన్నది ఏమిటి?"

"దోమలు" అంది పెద్ద నర్సమ్మ.

డాక్టరమ్మ నవ్వలేదు. "కుట్ల దగ్గర చీము పడుతోందని ఒక మందు ఎక్కిస్తున్నాం. అది కూడా కిడ్నీలను కొంచెం ఇబ్బంది పెట్టేదే. వేరే కారణం దొరక్కపోతే దాన్నే ఆపాలి. ఆపితే చీము లోపలికి, గుండె దాకా పోతుందని నా భయం. అందుకే అడుగుతున్నా. బయటి మందు ఏదైనా ఇస్తున్నారా?"

"లేదండీ" అంది చిన్నది.

"లేదండీ" అన్నాను నేను.

ఆరు నెలలుగా ఇస్తున్నాను, అప్పుడు కానిది ఇప్పుడెందుకవుతుంది అనుకున్నాను. రెండు చిన్న బిళ్ళలు. పైగా ఇప్పుడు ఒప్పుకుంటే ఇన్నాళ్ళూ దాచానని తెలుస్తుంది. డాక్టరమ్మ చెప్పింది చెవిలో పడింది, కడుపులోకి దిగలేదు.

ఆ మధ్యాహ్నం చిన్నది కిందకి, క్యాంటీనుకు వెళ్ళింది. అత్తయ్య కునుకు తీస్తోంది. ఆవిడ కళ్ళజోడు మసకగా ఉందని తుడుద్దామని కళ్ళజోడు పెట్టె తెరిచాను. అద్దాల కింద మడతపెట్టిన గుడ్డ ఉంది. గుడ్డ కింద బిళ్ళల అట్ట ఉంది. బిళ్ళలు ఎర్రవి, గుండ్రటివి. పదింటిలో నాలుగు మిగిలాయి.

ఆ ఎర్రబిళ్ళలు చూడగానే నాకు అత్తయ్య కిడ్నీలు గుర్తుకు రాలేదు. చిన్నది గుర్తుకు వచ్చింది.

"అత్తయ్యా, ఇదేంటి?"

ఆవిడ ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసింది. "విటమిన్ బిళ్ళలే."

"ఎవరిచ్చారు?"

"ఎవరిస్తే నీకేం? నీది నువ్విస్తున్నావుగా."

"ఇవీ మోకాళ్ళకేనా?"

"ఎర్రది కుడి మోకాలికి, తెల్లది ఎడమ మోకాలికి" అంది. ఆ పరిస్థితిలోనూ మూతి చివర నవ్వు దాచుకోలేదు.

"దానికీ అదే చెప్పారా? ఇంట్లో మీ బాధ తెలిసింది దానికొక్కదానికేనని?"

"చెప్పకపోతే తెస్తుందిటే?" అంది అత్తయ్య, అదేదో నాకే తట్టి ఉండాల్సిన విషయమన్నట్టు.

ఆరు నెలలు. రోజూ గంటసేపు గదిలో తలుపు వేసుకుని తల దువ్వించుకోవడం ఇందుకన్నమాట. నేను దేన్నయితే నాకొక్కదానికే దక్కిందని గుండెల్లో దాచుకున్నానో, దాన్ని ఆవిడ రెండు ముక్కలు చేసి ఇద్దరికీ పంచింది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా కాలింది. అట్ట తీసుకుని సరాసరి డాక్టరమ్మ గదికి వెళ్ళాను.

"చిన్నకోడలు ఇస్తోందండీ" అన్నాను. "నాకిప్పుడే కనబడింది."

డాక్టరమ్మ అట్ట వెనక రాసింది చదివింది. ముఖం గట్టిపడింది. చిన్నదాన్ని పిలిపించింది. అది చేతిలో కాఫీ గ్లాసుతో వచ్చి, బల్ల మీద అట్ట చూసి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయింది.

"రోజుకెన్ని?"

"రెండండీ" అంది నేల చూపులు చూస్తూ. "నొప్పికి ఏడుస్తుంటే చూడలేక..."

"పొద్దున అడిగితే లేదన్నావు కదమ్మా."

చిన్నది ఏడ్చింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. నా చేతిసంచి నా భుజానికే ఉంది. అందులో నా అట్ట ఉంది.

"సరే, ఇప్పటికైనా దొరికింది. చీము మందు ఆపక్కర్లేదు" అంది డాక్టరమ్మ. "ఇక ఒక్క బిళ్ళ కూడా పోకూడదు. రేపు పొద్దున్నకి అంకె దిగాలి."

సాయంత్రం మరిది వచ్చాడు. వరండాలో పెళ్ళాన్ని నిలబెట్టి, "అమ్మని చంపుదామనుకున్నావా?" అని నలుగురూ వినేలా అడిగాడు. నా దగ్గరికి వచ్చి, "వదినా, ఇవాళ్టి నుంచి అమ్మ దగ్గర మీరే ఉండండి. దాన్ని మంచం దగ్గరికి రానివ్వకండి" అన్నాడు. ఎన్నేళ్ళ తర్వాతో అత్తయ్య తల నేను దువ్వాను. చిన్నది తలుపు అవతల బెంచీ మీద కూర్చుంది. దువ్వెన నెమ్మదిగా నడిపాను, అది చూడాలని.

తల దువ్వుతుండగా అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది.

"దాన్ని పట్టించేశావుగా. ఇక నువ్వే దిక్కు. రెండివ్వవే. కాళ్ళు కాదివి, కొలిమి."

ఇవ్వకూడదని నాకు తెలుసు. తెలియదని ఎవరితోనైనా అనగలనేమో, తర్వాత అక్షరాలు నేర్చుకుని ఇప్పుడు రాస్తున్న ఈ కాగితంతో అనలేను. కానీ అప్పుడు నా మనసు ఒక దారి వెతికిపెట్టింది. డాక్టరమ్మ పట్టుకున్నది ఎర్రదాన్ని. తెల్లదాని పేరెత్తలేదు. చెడ్డది చిన్నది తెచ్చిన ఎర్రది, నేను తెచ్చిన తెల్లది వేరు. రంగే వేరు కదా. ఇన్నేళ్ళుగా నేను అడగకుండా ఎదురుచూసిన మాట, ఇక నువ్వే దిక్కు అన్న మాట, ఆవిడ నోట వచ్చింది. నేను లేదు పొమ్మంటే, రేపు ఆ బెంచీ మీద ఉన్నదాన్ని పిలుస్తుంది. సాయంత్రం రెండిచ్చాను. తెల్లవారాక పాలతో రెండిచ్చాను.

పది గంటలకు డాక్టరమ్మ కాగితంతో వచ్చింది. మరిది కూడా ఉన్నాడు. ఆవిడ అత్తయ్య మంచం దగ్గర ఆగకుండా నేరుగా బెంచీ దగ్గరికి వెళ్ళింది.

"మళ్ళీ ఇచ్చావా?"

చిన్నది దిగ్గున లేచింది. "లేదండీ. ఒట్టు."

"అంకె దిగలేదు. నిన్నటికంటే పెరిగింది."

"నిజం చెప్పు" అన్నాడు మరిది, పళ్ళ బిగువున.

"ఇవ్వలేదండీ! ఎలా ఇస్తాను? నిన్న సాయంత్రం నుంచి ఆ గుమ్మం దాటలేదు. అక్క దాటనిస్తేగా!"

డాక్టరమ్మ దాని ముఖంలోకి కాసేపు చూసింది. నమ్మింది. నమ్మడమే కొంప ముంచింది. "అయితే బిళ్ళలు కావు. ఆ చీము మందే కారణం" అని నిట్టూర్చి పెద్ద నర్సమ్మ వైపు తిరిగింది. "ఈ డోసు నుంచి ఆపెయ్యండి. ఇప్పుడే."

పెద్ద నర్సమ్మ మంచం దగ్గరికి వచ్చి, స్టాండుకు వేలాడుతున్న మందు సీసా గొట్టానికి ఉన్న చక్రం బొటనవేలితో బిగించింది. చుక్కలు నెమ్మదించాయి. ఒకటి, తర్వాత చాలాసేపటికి ఒకటి. అత్తయ్య గుండె మీద కట్టు అంచున ఎర్రగా కమిలిన చర్మం నాకు కనబడుతోంది. రోజూ గుడ్డతో చుట్టూ తుడిచేదాన్ని నేనే. ఆ ఎరుపు రెండు రోజులుగా తగ్గుముఖం పట్టిందని ఆ వార్డులో అందరికంటే నాకే బాగా తెలుసు.

"ఆపకండి" అన్నాను.

నా గొంతు నాకే పెద్దగా వినబడింది. సంచిలోంచి అట్ట తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టాను. మరిది ముఖం చూడలేదు. బెంచీ వైపు అసలే చూడలేదు.

"ఇవి నేనిస్తున్నానండీ. ఆరు నెలల నుంచి. నిన్న సాయంత్రం రెండు, ఇవాళ పొద్దున రెండు. కానీ ఇవి తెల్లవి. ఎర్రవి కావు."

డాక్టరమ్మ అట్ట తిప్పి చదివింది. జేబులోంచి నిన్నటి ఎర్ర అట్ట తీసి పక్కన పెట్టింది. "రెండూ ఒకటే మందమ్మా. కంపెనీ వేరు, రంగు వేరు. లోపల సరుకు ఒకటే." తిట్టలేదు. తిడితే బాగుండును. "మామూలు రోజుల్లో ఎన్నిచ్చేవారు?"

"రెండు."

"ఇద్దరూ కలిపి నాలుగన్నమాట."

"కాదండీ" అంది చిన్నది. గుమ్మంలోకి వచ్చింది, నిన్నటి నుంచి మొదటిసారి. "నేను నిన్న తగ్గించి చెప్పాను. నావి మూడు."

మూడు! మంచం మీద మనిషి ప్రాణం మీదికి వచ్చి ఉంది, మరిది నన్ను నరికేసేలా చూస్తున్నాడు, ఆ సమయంలో కూడా నా గుండెలో ముల్లు దిగింది. నా దగ్గర రెండే పుచ్చుకుని దాని దగ్గర మూడు పుచ్చుకుంది. ఒకటి ఎక్కువ.

"ఐదు" అంది డాక్టరమ్మ. "గుండె ఆపరేషనైన మనిషికి రోజుకి ఐదు." నర్సమ్మతో గొట్టం తెరిపించింది. సెలైను పెంచమంది, బీపీ గంటకోసారి చూడమంది. దిండు గలీబు విప్పించింది. లోపల ఇంకో ఆరు బిళ్ళలు దొరికాయి, ఎర్రవీ తెల్లవీ కలిసిపోయి.

"ఏమ్మా, వార్డులో షాపు పెడదామనుకున్నారా?" అంది పెద్ద నర్సమ్మ.

అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంది. తిరిగే ముందు నన్ను చూసింది. అలాంటి చూపు ఆవిడ నా మీద ఎప్పుడూ వెయ్యలేదు, ఆయన పోయిన రోజున కూడా.

మర్నాటికి మూత్రంలో అంకె సగానికి దిగింది. అదే రోజు రక్తపరీక్షలో మొదటిసారి తేడా కనబడింది. జగ్గులో మూత్రం కూడా తగ్గింది. ఆ రోజంతా నేను నీళ్ళు కూడా తాగలేదు. చిన్నది జగ్గు ఎత్తి వెలుగులో పట్టి చూసినప్పుడల్లా దాని పెదవులు కదిలేవి. నావీ కదిలేవి. రెండు రోజులు అలా గడిచాక రక్తం కుదుటపడింది, మూత్రం మునుపటిలా దిగింది. "రక్తంలో ఈ తేడా చూశాకే కారణం వెతకడం మొదలుపెట్టి ఉంటే ఆలస్యమైపోయేది. మూత్రం ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది" అంది డాక్టరమ్మ. డయాలసిస్ మాట మళ్ళీ ఎత్తలేదు. కుట్లు కూడా ఆరాయి.

ఆ రోజు వరండాలో చిన్నది నా పక్కన వచ్చి కూర్చుంది.

"అక్కా, ఒకటడుగుతా. నన్ను పట్టించిన రోజు నీ సంచిలో ఆ అట్ట ఉందా?"

"ఉంది."

"బాగుంది" అంది. లేచి వెళ్ళి, తనకొక్కదానికే కాఫీ తెచ్చుకుంది.

అత్తయ్య మా ఇద్దరితోనూ మాటలు మానేసింది. నీళ్ళిస్తే తాగేది, అన్నం పెడితే తినేది, కళ్ళు మాత్రం కలిపేది కాదు. ఎవరితో ముందు మాట్లాడుతుందా అని మేమిద్దరం లోపల్లోపల చచ్చిపోయేవాళ్ళం. నేను కాళ్ళకు నూనె రాస్తే అది జడ వేసేది. అది పళ్ళు ఒలిస్తే నేను దుప్పటి మార్చేదాన్ని. ఆవిడ దేనికీ ఉలకలేదు, పలకలేదు.

ఇంటికి పంపే ముందు రోజు, ఇద్దరం మందుల చీటీ కోసం నర్సమ్మ గదికి వెళ్ళి తిరిగి వస్తున్నాం. గుమ్మం దగ్గరే అత్తయ్య గొంతు వినబడింది. మాట్లాడుతోంది! ఇద్దరం ఒకర్నొకరం తోసుకున్నంత పని చేశాం. పక్క మంచం మీద ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన కోడలు, సన్నగా, మెత్తగా మాట్లాడే అమ్మాయి, మా అత్తయ్య తల దగ్గర వంగి నిలబడి ఉంది. అత్తయ్య ఆ అమ్మాయి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"ఎంత చల్లని చెయ్యమ్మా నీది" అంటోంది, పంచదార పాకంలాంటి గొంతుతో. "నాకు చూసేవాళ్ళు లేరు తల్లీ. కోడళ్ళా? ఉన్నారులే, ఉండీ లేనట్టే. మీ మామగారికి నడుం నొప్పికి ఇస్తావు చూడు, అందులో ఒక్కటి..."

ఆ అమ్మాయి జాలితో కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని అప్పటికే సంచి జిప్పు తీస్తోంది.

"ఇవ్వకు!" అని ఇద్దరం ఒక్కసారే అరిచాం. వార్డంతా తిరిగి చూసింది. నేను అటునుంచి, చిన్నది ఇటునుంచి మంచం చుట్టుకుని వెళ్ళి ఆ చేతిని విడిపించాం. జరిగిందంతా చిన్నది ఆ అమ్మాయికి చెప్పింది. ఆ అమ్మాయి భయపడిపోయి పదిసార్లు క్షమించమంది. పాపం, అడిగితే ఇవ్వబోయింది, అంతకు మించి దాని తప్పేమీ లేదు.

అయినా, అత్తయ్య చల్లని చెయ్యని మెచ్చుకున్న ఆ అమ్మాయి ఇప్పటికీ చెకప్పుల రోజున వరండాలో ఎదురుపడుతుంటుంది. "అమ్మగారు బాగున్నారా?" అని నవ్వుతూ అడుగుతుంది. చిన్నది అటు తిరుగుతుంది, నేను ఇటు తిరుగుతాను. ఇద్దరిలో ఎవరమూ ఆమెకు ఇంతవరకూ బదులు చెప్పలేదు.